కమిట్ కొడితే టైమ్‌షీట్ నిండుతుందా? గడియారానికీ కోడ్‌కీ ఉన్న పాత చుట్టరికం

ఇవాళ్టి ఎపిసోడ్ కూడా చరిత్రే. కానీ ఇందులో రాజులు లేరు, కోటలు లేవు. ఇవాళ మనం మాట్లాడుకునేది టైమ్‌షీట్ చరిత్ర. నవ్వకండి. మీలో ఐటీలో పనిచేసేవాళ్ళకి ఆ మాట వినగానే శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చి ఉంటుంది. ఇంకా చదువుకుంటున్నవాళ్ళకి రేపో మాపో గుర్తొస్తుంది.

ముందు నా సంగతి చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. కంపెనీ పేరు మనకి అనవసరం. క్లయింట్ విదేశంలో ఉండేవాడు, బిల్లు గంటల లెక్కన వెళ్ళేది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఒక మెయిల్ వచ్చేది, టైమ్‌షీట్ నింపనివాళ్ళు వెంటనే నింపండి అని. సోమవారం ఏ టికెట్ మీద ఎంతసేపు కూర్చున్నామో శుక్రవారానికి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? అందరం ఒకటే చేసేవాళ్ళం. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. సబ్మిట్. ఇంటికి.

నాకు ఒక ఐడియా వచ్చింది. మనం చేసే పనంతా గిట్‌లో ఉంది కదా, ఏ రోజు, ఎన్నింటికి, ఏ టికెట్ మీద మార్పు చేశామో అక్కడే ఉంది. దాన్ని తీసుకెళ్ళి టైమ్‌షీట్‌లో పడేస్తే సరిపోతుంది కదా అనుకున్నా. దీనికి పెద్ద ప్రోగ్రామ్ కూడా రాయక్కర్లేదు. స్క్రీన్ మీద డబ్బాలు పెట్టి గీతలతో కలుపుకుంటూ పోయే లో-కోడ్ టూల్స్ ఉన్నాయి. ఒక శనివారం కూర్చున్నా, సాయంత్రానికి అయిపోయింది. రెండు వారాలు టీమ్‌లో నేనే హీరో. ఎవరూ టైమ్‌షీట్ ముట్టుకోవక్కర్లేదు, అదే నిండుతోంది.

మూడో వారం నా జూనియర్ ఒకమ్మాయి నా డెస్క్ దగ్గరికి వచ్చింది. "అన్నా, నేను నాలుగు రోజులు చేసిన పని ఇరవై నిమిషాలు అని పడింది" అంది.

ఆమె కథ పూర్తిగా చెప్తాను, కాస్త ఆగండి. ఎందుకంటే నేను చేసిన తప్పు నాతో మొదలైంది కాదు. దాని వయసు వందేళ్ళ పైనే. అది అర్థం కావాలంటే ముందు ఒక నగల వ్యాపారి దగ్గరికి వెళ్ళాలి.

నగల వ్యాపారి తయారుచేసిన గడియారం

1888. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, ఆబర్న్ అనే ఊరు. అక్కడ విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి ఉండేవాడు. ఆయన ఒక గడియారం తయారుచేశాడు. మామూలు గడియారం కాదు. ఫ్యాక్టరీలో ప్రతి పనివాడికీ నంబరున్న ఒక తాళంచెవి ఇస్తారు. లోపలికి వచ్చేటప్పుడు ఆ చెవి మెషీన్‌లో పెట్టి తిప్పితే, లోపలున్న కాగితపు రీలు మీద ఆ నంబరూ, ఆ టైమూ అచ్చవుతాయి. వెళ్ళేటప్పుడు మళ్ళీ అంతే.

అంతకుముందు ఏముండేదంటే, గేటు దగ్గర ఒక గుమాస్తా, అతని చేతిలో ఒక రిజిస్టరు. ఆలస్యంగా వచ్చావని అతనంటాడు, లేదు టైముకే వచ్చానని పనివాడంటాడు. బండీ మెషీన్ వచ్చాక ఆ గొడవకి చోటు తగ్గిపోయింది. తర్వాత 1894లో రోచెస్టర్‌లో డానియల్ కూపర్ అనే ఆయన ఇంకో రకం తెచ్చాడు. తాళంచెవి బదులు ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. మెషీన్‌లో దూర్చి లీవర్ నొక్కితే టైము ముద్ర పడుతుంది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ "పంచ్ కొట్టావా?" అని అడుగుతాం చూడండి, ఆ మాట ఆ కాలంనాటి మెషీన్ల నుంచి వచ్చిందే. ఇప్పుడు కార్డూ లేదు, లీవరూ లేదు. వేలిముద్రో మొహమో చూపిస్తాం. మాట మాత్రం మిగిలింది.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి. ఆ గడియారానికి తెలిసింది ఒక్కటే. నువ్వు ఎప్పుడు వచ్చావు, ఎప్పుడు వెళ్ళావు. మధ్యలో ఏం చేశావో దానికి తెలియదు. తెలుసని అది చెప్పలేదు కూడా. అది గేటు దగ్గరి లెక్క, అంతే.

సరిగ్గా అదే రోజుల్లో హెర్మన్ హాలరిత్ అనే ఇంజినీరు కార్డులకి చిల్లులు పెట్టి లెక్కలు తేల్చే మెషీన్ తయారుచేశాడు. 1890 అమెరికా జనాభా లెక్కలు దాంతోనే తేల్చారు. కంప్యూటర్ వంశవృక్షం గీస్తే పై కొమ్మల్లో ఈయన ఉంటాడు.

ఇక అసలు సంగతి. 1911 జూన్‌లో చార్ల్స్ ఫ్లింట్ అనే వ్యాపారవేత్త కొన్ని కంపెనీలని ఒకే గొడుగు కిందికి తెచ్చాడు. అందులో హాజరు గడియారాలు చేసే కంపెనీ ఉంది, హాలరిత్ లెక్కల మెషీన్ల కంపెనీ ఉంది, దుకాణాల్లో వాడే తూకం కాటాల కంపెనీ కూడా ఉంది. ఆ గుంపు 1924లో పేరు మార్చుకుంది. కొత్త పేరు ఐబీఎం.

అవును ఫ్రెండ్స్, ఆ ఐబీఎమ్మే. ప్రపంచానికి కంప్యూటర్లు అమ్మిన కంపెనీ దశాబ్దాలపాటు ఫ్యాక్టరీ గేటు గడియారాలు కూడా అమ్మింది. ఆ గడియారాల వ్యాపారాన్ని 1958లో సింప్లెక్స్ అనే కంపెనీకి అమ్మేసింది. అంటే కంప్యూటరూ, హాజరు గడియారమూ ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలు. 1958లో వేరు కాపురాలు పెట్టాయి. నేను ఆ శనివారం చేసింది ఏంటంటే, విడిపోయిన ఆ ఇద్దరినీ మళ్ళీ ఒక గీతతో కలిపాను.

స్టాప్‌వాచ్ చూసి పని ఆపేశారు

1911 అన్నాను కదా, అదే ఏడాది ఆగస్టులో ఇంకోటి జరిగింది. బోస్టన్ దగ్గర వాటర్‌టౌన్ అనే చోట అమెరికా సైన్యానికి ఫిరంగుల సామగ్రి తయారుచేసే ప్రభుత్వ కర్మాగారం ఉండేది. అప్పట్లో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు పేరు మోగిపోతోంది. ఆయన మాట ఏంటంటే, గేటు దగ్గరి లెక్క చాలదు, పనివాడు చేసే ఒక్కో పనిని ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కకీ ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచ్‌తో కొలవాలి. దాన్నిబట్టి కూలీ, దాన్నిబట్టి లక్ష్యం.

ఆ పద్ధతి వాటర్‌టౌన్‌కి వచ్చింది. కరిగిన లోహం పోయడానికి మట్టితో అచ్చులు చేసే పనివాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. వాళ్ళ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. తనని కొలవడానికి వీల్లేదని ఒక పనివాడు అడ్డం తిరిగాడు. అతన్ని తీసేశారు. మిగతా అచ్చు పనివాళ్ళు అతనితోపాటు బయటికి నడిచారు. సుమారు వారం రోజులకి తిరిగి పనిలో చేరారు, కానీ గొడవ అక్కడితో ఆగలేదు. అమెరికా కాంగ్రెస్ విచారణ కమిటీ వేసింది, టేలర్ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఆ తర్వాత 1915 నుంచి సైన్యానికి నిధులిచ్చే చట్టాల్లో ఒక షరతు పెట్టారు. ఈ డబ్బుతో పనివాళ్ళ మీద స్టాప్‌వాచ్ పెట్టకూడదని. ఆ నిషేధం 1949 దాకా ఏదో ఒక రూపంలో నడిచింది.

వాళ్ళేమన్నా పని దొంగలా? కాదు. వాళ్ళ ఫిర్యాదుల్లో ముఖ్యమైనది, కొలిచేవాడికి అచ్చు పోత పని తెలియదని. అచ్చు చేయడంలో ఏ మట్టి ఎంత తడిగా ఉండాలి, ఎక్కడ ఆగి చూసుకోవాలి, ఇవన్నీ చేతికి తెలుస్తాయి. పక్కన నిలబడి చూసేవాడికి ఆగడం కనిపిస్తుంది కానీ, ఎందుకు ఆగాడో కనిపించదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆగడం కనిపిస్తుంది, ఎందుకో కనిపించదు.

గంటలకి లొంగని పని

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి వద్దాం. 1960లలో ఐబీఎం ఓఎస్ 360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టింది. దాన్ని నడిపించిన మేనేజర్ ఫ్రెడరిక్ బ్రూక్స్. ప్రాజెక్టు ఆలస్యమైంది, మనుషుల్ని పెంచారు, అయినా తిప్పలే. ఆ అనుభవంతో ఆయన 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' అనే పుస్తకం రాశాడు. మనుషుల్నీ నెలల్నీ గుణించి సాఫ్ట్‌వేర్ పనిని కొలవలేం అన్నది అందులో ముఖ్యమైన మాట. మన భాషలో చెప్పాలంటే, ఒక గుండిగ బిర్యానీ దమ్ కావడానికి ముప్పావుగంట పడుతుంది. పొయ్యి చుట్టూ తొమ్మిదిమంది వంటవాళ్ళు నిలబడితే అయిదు నిమిషాల్లో అవుతుందా? తమాషా చూడండి, గడియారాలు అమ్మిన ఇంట్లోంచే ఈ మాట వచ్చింది.

పోనీ గంటలు వద్దు, రాసిన లైన్లు లెక్కపెడదాం అని కూడా చూశారు. 1982లో ఆపిల్‌లో లీసా అనే కంప్యూటర్ తయారవుతోంది. ఈ వారం ఎన్ని లైన్లు రాశావో ఫారంలో నింపమని మేనేజర్లు అడగడం మొదలుపెట్టారు. బిల్ అట్కిన్సన్ అనే ప్రోగ్రామర్ అప్పుడే తన బొమ్మలు గీసే కోడ్‌లో ఒక భాగాన్ని తిరగరాశాడు. అది దాదాపు ఆరు రెట్లు వేగంగా నడిచింది, పైగా 2000 లైన్లు తగ్గాయి. ఆయన ఫారంలో ఏం రాశాడో తెలుసా? మైనస్ 2000. కొన్ని వారాల తర్వాత ఆయన్ని ఆ ఫారం నింపమని అడగడం మానేశారు. ఇది ఆయన సహోద్యోగి ఆండీ హర్ట్జ్‌ఫెల్డ్ చెప్పిన కథ.

మరి మన హైదరాబాద్ సంగతి? 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైంది. అది వైటూకే రోజుల కాలం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లన్నీ 2000 వచ్చేలోపు వెతికి సరిచేయాలి. ఆ పని కోసం మన దేశంలోని కంపెనీలకి బోలెడు ప్రాజెక్టులొచ్చాయి, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి. అలాంటి సర్వీస్ ప్రాజెక్టుల్లో చాలావాటిని గంటల లెక్కనే అమ్ముతారు. ఇంతమంది మనుషులు, ఇన్ని గంటలు, గంటకి ఇన్ని డాలర్లు. అందుకే మనకి టైమ్‌షీట్ అంటే హాజరు పట్టీ మాత్రమే కాదు. అది బిల్లు. క్లయింట్‌కి వెళ్ళే బిల్లు అన్నమాట. అందులో నీ పేరు పక్కన తక్కువ గంటలు కనిపిస్తే, కంపెనీ దృష్టిలో నువ్వు తక్కువ అమ్ముడుపోయినట్టు.

జాడీ మీద తేదీ

ఇంకో పక్క నుంచి గిట్ కథ నడిచింది. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే పద్ధతి 1972లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది, మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రామ్ రాసినప్పుడు. తర్వాత ఆర్‌సీఎస్, సీవీఎస్, సబ్‌వర్షన్ వచ్చాయి. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టాడు. అప్పటిదాకా లినక్స్ కోసం ఉచితంగా వాడుకున్న బిట్‌కీపర్ ఇక దొరకదని తేలడంతో సొంతంగా రాసుకున్నాడు. 2008లో గిట్‌హబ్ వచ్చింది.

ఒక గిట్ కమిట్‌లో ఏముంటుంది? ఆ క్షణంలో కోడ్ ఎలా ఉందో ఆ బొమ్మ. అంతకుముందు కమిట్ ఏదో దాని గుర్తు. మార్పు రాసినవాళ్ళ పేరు, టైము. కమిట్ చేసినవాళ్ళ పేరు, టైము. ఒక మెసేజ్. అంతే. అందులో "ఎప్పుడు" ఉంది. "ఎంతసేపు" లేదు. ఆ ఎప్పుడు కూడా మన ల్యాప్‌టాప్ గడియారం చెప్పిందే. దాన్ని మార్చొచ్చు, రీబేస్ చేస్తే కమిట్ టైము అదే మారిపోతుంది.

మా అమ్మమ్మ ఆవకాయ జాడీ మీద చిన్న కాగితం అంటించి తేదీ రాసేది. అది జాడీ మూత కట్టిన తేదీ. కాయలు ఏరడానికి ఎంతసేపు పట్టింది, ముక్కలు తుడిచి ఆరబెట్టడానికి ఎంత, ఆవపిండి కొట్టడానికి ఎంత, ఇవేవీ ఆ కాగితం చెప్పదు. కమిట్ కూడా అలాంటి కాగితమే. మూత కట్టిన టైము.

గీతలు కలిపే కాలం

మరి ఈ కాగితాన్ని తీసుకెళ్ళి టైమ్‌షీట్‌కి అంటించే పైపులు ఎప్పుడొచ్చాయి? 2007లో జెఫ్ లిండ్సే అనే డెవలపర్ వెబ్‌హుక్ అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు. ఐడియా చాలా సింపుల్. ఏమైనా జరిగిందా అని నువ్వు మాటిమాటికీ వెళ్ళి అడగక్కర్లేదు, జరిగినప్పుడు అవతలి సర్వరే నీ అడ్రసుకి కబురు పంపుతుంది. పక్కింటికి పది సార్లు ఫోన్ చేసి కొరియర్ వచ్చిందా అని అడిగే బదులు, రాగానే నాకు మిస్డ్ కాల్ ఇవ్వు అని చెప్పడం లాంటిది.

అటువైపు 2006లో టాగుల్, హార్వెస్ట్ లాంటి టైమ్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటికీ ఏపీఐలు ఉన్నాయి, అంటే బయటి ప్రోగ్రామ్ కూడా వచ్చి గంటలు రాయొచ్చు. మధ్యలో కలిపేవాళ్ళు కావాలి. 2011లో జేపియర్ మొదలైంది, ఇఫ్ట్ కూడా ఆ రోజుల్లోదే. లో-కోడ్ అనే పేరుని ఫారెస్టర్ అనే సంస్థ 2014లో వాడుకలోకి తెచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ ఫ్లో వచ్చింది, ఇప్పుడు దాని పేరు పవర్ ఆటోమేట్. 2019లో బెర్లిన్ నుంచి ఎన్8ఎన్ వచ్చింది, అది మన సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు.

వీటిల్లో దేంతో చేసినా నేను చేసిన ఫ్లోకి మూడు డబ్బాలే. మొదటి డబ్బా: రిపోజిటరీలో పుష్ జరిగితే వెబ్‌హుక్ వస్తుంది, అందులో కమిట్లు, పేర్లు, టైములు, మెసేజ్‌లు ఉంటాయి. రెండో డబ్బా: మెసేజ్‌లోంచి టికెట్ నంబర్ తీసి, ఎంతసేపు పట్టిందో లెక్కకట్టడం. మూడో డబ్బా: ఆ గంటల్ని టైమ్‌షీట్‌లో రాయడం.

మొదటిదీ, మూడోదీ రెడీమేడ్. అకౌంట్ కనెక్ట్ చేసి ఓకే నొక్కడమే. కిటుకంతా రెండో డబ్బాలో ఉంది. కమిట్‌లో లేని "ఎంతసేపు" అక్కడ పుట్టాలి. ఎలా పుడుతుంది? ఊహతో. అందరూ చేసే ఊహ ఏంటంటే, ఒక కమిట్‌కీ ఇంకో కమిట్‌కీ మధ్య ఉన్న టైమంతా పనే అనుకోవడం. మధ్యలో మరీ ఎక్కువ ఖాళీ వస్తే దాన్ని వదిలేసి, తర్వాతి కమిట్‌ని కొత్తగా మొదలైన పని కింద లెక్కేసి దానికి ఏదో ఒక అంకె ఇవ్వడం. గిట్-అవర్స్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, అది మామూలుగా ఆ ఖాళీకి రెండు గంటల హద్దు పెడుతుంది, మొదటి కమిట్‌కి రెండు గంటలు కలుపుతుంది. నేను ఆ మొదటి కమిట్‌కి ఇరవై నిమిషాలు పెట్టా. ఎందుకు ఇరవై? ఏమో, శనివారం మధ్యాహ్నం బాగుందనిపించింది. ఆ అంకె ఒకమ్మాయి జీతం దాకా వెళ్తుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

నాలుగు రోజులు, ఒక్క లైను

చిన్న చిన్న తప్పులు మొదటి వారంలోనే బయటపడ్డాయి. మా టైమ్‌షీట్ ఫ్లో యూటీసీ టైములో నడిచేది. మన టైముకి అది ఐదున్నర గంటలు వెనక. అంటే మనకి తెల్లవారుజామున ఐదున్నర లోపు చేసిన కమిట్ ఏదైనా అక్కడ ముందురోజు కింద పడుతుంది. సోమవారం తెల్లవారుజామున రెండింటికి రిలీజ్ చేసినవాళ్ళకి ఆదివారం పనిచేసినట్టు చూపించింది. ఇంకోటి, ఒకే మార్పు మొదట బ్రాంచ్‌లో, తర్వాత మెర్జ్ అయ్యాక మెయిన్‌లో, రెండుసార్లు కబురొచ్చి రెండుసార్లు లెక్కపడింది. ఇవి సరిచేశాను. సరిచేశాను కాబట్టి అంతా సరైపోయిందనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

ఆ అమ్మాయికి వచ్చిన బగ్ ఏంటంటే, నెలాఖరు మొత్తాల్లో అక్కడక్కడ ఒక్క పైసా తేడా. అన్నిసార్లూ రాదు. నాలుగు రోజులు లాగ్స్ చదివింది, పాత డేటా తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ నడిపించింది, క్లయింట్ వాళ్ళతో రాత్రిపూట కాల్స్‌లో కూర్చుంది. చివరికి దొరికింది. పన్ను కలపకముందే ఒకచోట రౌండ్ చేస్తున్నారు. మార్చాల్సింది ఒక్క లైను. మార్చింది, కమిట్ చేసింది. వారానికి ఒక్క కమిట్. నా ఫ్లో ప్రకారం ఇరవై నిమిషాలు.

అదే వారం ఇంకొకతను పాత ఫైళ్ళలో ఖాళీలు, పేర్లు సర్దుతూ ఒక్కో ఫైలుకి ఒక్కో కమిట్ కొట్టాడు. అతనికి రోజుకి తొమ్మిది గంటలు పడ్డాయి. అతని తప్పేమీ లేదు, అది అతనికిచ్చిన పని. కానీ పదిహేను నిమిషాలకోసారి ఏదో ఒకటి కమిట్ చేస్తే గంటలు నిండుతాయని టీమ్‌కి తెలిసిపోయింది. కొందరు మొదలుపెట్టేశారు కూడా. గేటు దగ్గర ఒకడి కార్డు ఇంకొకడు పంచ్ కొట్టడం పాత ఫ్యాక్టరీల్లో ఉన్నదే. మేం దాని కొత్త రూపం కనిపెట్టాం.

మేనేజర్ ఆమెని పిలిచి, ఈ వారం ఏం చేశావమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన స్క్రీన్ చూపించాడు. అప్పుడు నా దగ్గరికొచ్చింది. నాలుగు రోజులు ఏం చేసిందో అంతా చెప్పి, "అన్నా, ఇదంతా నీ ఫ్లోకి ఎట్లా తెలుస్తది?" అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

తెలియదు. అదే జవాబు. వాటర్‌టౌన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడికైనా మనిషి ఆగడం కనిపించింది. నా ఫ్లోకి అది కూడా కనిపించదు. అయినా అది తెలియదని చెప్పలేదు. ఇరవై నిమిషాలు అని రాసింది, కచ్చితంగా తెలిసినట్టు.

నేను మేనేజర్ దగ్గరికెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆ వారం గంటలు సరిచేశారు. కానీ అంతకుముందు రెండు వారాలవి అప్పటికే అప్రూవ్ అయి బిల్లు వెళ్ళిపోయింది. ఆ రెండు వారాల్లో ఇంకెవరికి తక్కువ పడిందో నేను ఒక్కొక్కరినీ అడిగి ఉండాల్సింది. అడగలేదు. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఖాళీ వేరు, సున్నా వేరు

మరి ఆటోమేషన్ మానేద్దామా? వద్దు. శుక్రవారం సాయంత్రం ఎనిమిది ఎనిమిది అని రాయడం కూడా అబద్ధమే కదా. నేను ఫ్లో తీసేయలేదు, మార్చాను. మీరు ఇలాంటిది చేస్తుంటే పనికొస్తుందని చెప్తున్నా.

ఒకటి, ఫ్లో ఇప్పుడు గంటలు రాయదు, డ్రాఫ్ట్ మాత్రమే రాస్తుంది. ఫలానా రోజు ఫలానా టికెట్ మీద కమిట్ ఉంది అని గుర్తుచేస్తుంది. ఎంతసేపో మనిషి నింపుతాడు. ఆ డ్రాఫ్ట్ ముందు పనిచేసినవాళ్ళకే కనిపిస్తుంది, వాళ్ళు సరే అన్నాకే మేనేజర్‌కి.

రెండు, ఎంతసేపో మనిషే కమిట్‌లో చెప్పే దారి ఉంది. జిరాలో స్మార్ట్ కమిట్ అని ఉంది. మెసేజ్‌లో టికెట్ నంబరు రాసి, హ్యాష్ పెట్టి టైమ్ అని రాసి, ఎన్ని గంటలో రాస్తే అది నేరుగా టికెట్ మీద పడుతుంది. గిట్‌ల్యాబ్‌లో కూడా టికెట్ కింద స్లాష్ స్పెండ్ అని కొట్టి గంటలు రాయొచ్చు. ఇక్కడ మెషీన్ మోసుకెళ్తుంది, మాట మాత్రం మనిషిది.

మూడు, కమిట్ లేని రోజుకి సున్నా పెట్టడం ఆపేశాను, ఖాళీగా వదిలేస్తుంది. చిన్న తేడాలా అనిపిస్తుంది కానీ చాలా పెద్దది. సున్నా అంటే "పని చేయలేదు". ఖాళీ అంటే "నాకు తెలియదు, నువ్వు చెప్పు".

ఒక్కసారి వెనక్కి చూడండి. బండీ గడియారం గేటు దగ్గర అందరికీ కనిపించేలా ఉండేది. దానికి తెలిసింది కొంచెమే, ఆ కొంచెమే చెప్పేది. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడు పక్కనే నిలబడ్డాడు, కాబట్టి వద్దు అనగలిగారు. వెబ్‌హుక్ పక్కన నిలబడదు. అది ఎప్పుడు వచ్చి ఏం రాసుకుపోయిందో పనిచేసేవాడికి తెలియకపోవచ్చు. అందుకే దాన్ని కట్టేవాడి మీద బాధ్యత ఎక్కువ. మూడు డబ్బాలు కలపడం ఇప్పుడు ఎవరైనా చేయగలరు, ఇంటర్‌న్‌షిప్‌లో ఉన్న మీరు కూడా ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు. చేసేముందు రెండో డబ్బాలో మీరు పెట్టిన అంకె ఎవరి పేరు పక్కన పడుతుందో వాళ్ళకి ఒకసారి చూపించండి.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. కొత్త ఫ్లో మొదట ఆమెకే చూపించాను. రెండు నిమిషాలు చూసి, "మంచిగుందన్నా, కానీ కాల్స్‌లో కూర్చున్న టైమ్ ఎక్కడ రాయాలె?" అంది. దానికి డబ్బా లేదు. ఆ సాయంత్రమే పెట్టాను.

మీ ఆఫీసులో టైమ్‌షీట్ ఎలా నింపుతున్నారు? చేత్తోనా, మెషీనా? మీ పని ఎప్పుడైనా ఇలా ఇరవై నిమిషాలైపోయిందా? కింద కామెంట్లలో రాయండి, కంపెనీ పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో పాత వస్తువుతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.